స్క్రిప్టుతో కంపోజింగ్: లాటెక్ గొలుసా, టైప్‌స్టా, వెబ్ పేజీయా, వర్డేనా?

ఎక్సెల్ షీటు ఇస్తే చాలు, పుస్తకమో ప్రోగ్రెస్ కార్డులో పీడీఎఫ్‌గా తయారై బయటికి రావాలి. మధ్యలో మనిషి కూర్చుని ఒక్కో ఫైలు తెరిచి, పేరు మార్చి, మళ్ళీ సేవ్ చేసే పని ఉండకూడదు. కాస్త పైథాన్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ కోరిక పుడుతుంది. తీరా మొదలుపెట్టాక దారులు ఆరేడు కనిపిస్తాయి, ఒక్కో దారిని ఒక్కొక్కరు ఆకాశానికెత్తుతారు. ఎటు పోవాలో తేలక అక్కడే ఆగిపోతారు.

నల్లగొండ, పాలమూరు వైపు ఈ సంగతి అడిగేవాళ్ళు ముఖ్యంగా నాలుగు రకాలు: మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో థీసిస్ రాస్తున్నవాళ్ళు, ప్రశ్నపత్రాలు తయారుచేసే లెక్చరర్లు, డీటీపీ షాపు నడిపేవాళ్ళు, ఊరి చరిత్రో కవితల సంపుటో సొంత ఖర్చుతో అచ్చు వేసుకునేవాళ్ళు. మిర్యాలగూడ మిల్లుల్లో లెక్కలు చూసేవాళ్ళు కూడా అప్పుడప్పుడు అడుగుతారు. అందరికీ ఒకే మందు పనిచేయదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేజీ ఎంత అందంగా వస్తుందన్నది తరవాతి ముచ్చట. పత్రాన్ని ప్రోగ్రాం గుండా ఎన్నిసార్లు తిప్పాలో ఎవరు లెక్కపెడతారు, మధ్యలో ఏదైనా చెడితే మీకు తెలుస్తుందా అన్నవే ముందు చూడాలి. ఈ రెంటికీ జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే.

## అసలు ఇన్ని రౌండ్లు ఎందుకు

ఐదో అధ్యాయం ఏ పేజీలో మొదలవుతుందో పుస్తకం మొత్తం పేర్చేదాకా ఎవరికీ తెలియదు. విషయసూచిక మాత్రం పుస్తకం మొదట్లోనే రావాలి. డోనల్డ్ నూత్ 1977లో మొదలుపెట్టిన టెక్ అనే పేజీలు పేర్చే ప్రోగ్రాం, దానిమీద లెస్లీ లాంపోర్ట్ కట్టిన లాటెక్ ఈ చిక్కును తేలిగ్గానే విప్పాయి. మొదటి రౌండులో పేజీ నంబర్లను పక్కన ఒక సహాయక ఫైలులో రాసిపెట్టుకోవడం, రెండో రౌండులో ఆ ఫైలు చదివి విషయసూచిక నింపడం. ఆ విషయసూచికే రెండు పేజీలు తిని మిగతా పుస్తకాన్ని ముందుకు నెట్టిందనుకోండి, నంబర్లు మళ్ళీ మారతాయి, మూడో రౌండు కావాలి. ముందు పేజీలకు వేరే నంబర్లు ఇచ్చి, అసలు పుస్తకాన్ని ఒకటితో మొదలుపెడితే ఈ నెట్టుడు ఉండదు.

గ్రంథసూచి కూడా ఉంటే వరుస ఇలా పోతుంది: ఒకసారి జీలాటెక్ (యూనికోడ్ తెలిసిన లాటెక్), తరవాత బైబర్ (గ్రంథసూచిని పేర్చే ప్రోగ్రాం), ఆ తరవాత మళ్ళీ రెండుసార్లు జీలాటెక్. చివర పదసూచీ పెడితే ఇంకో ప్రోగ్రాం, ఇంకో రౌండు. మధ్యలో ఒక్క అడుగు తప్పినా పీడీఎఫ్ వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. "పేజీ చూడండి" అన్న చోట మాత్రం నంబరు బదులు రెండు ప్రశ్నార్థకాలు పడి ఉంటాయి. బైండింగ్ అయ్యాక షాపు కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, లోపల ప్రశ్న గుర్తులు పడ్డయి, సూస్కున్నరా?" అని అడిగితే అప్పుడు చేసేదేమీ ఉండదు.

## ఏ దారైనా ముందు ఈ నాలుగు చూడండి

మీ తెలుగు యూనికోడ్‌లో ఉందా? మన డీటీపీ షాపుల్లో ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్, అనూ ఫాంట్లతో పని నడిచింది. ఆ ఫైళ్ళలో ఉన్నది కంటికి తెలుగే. లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలకు తెలుగు బొమ్మలు తొడిగి ఉంటాయి. ఈ కింద చెప్పే దారుల్లో ఏదీ దాన్ని తెలుగుగా గుర్తుపట్టదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ప్రూఫ్ చదవాలి. ఒత్తులు, సున్నాలు, అరుదుగా వాడే అక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. పాత సరుకు వందల పేజీలుంటే స్క్రిప్టు రాసే టైము కంటే దీనికే ఎక్కువ పడుతుంది.

ఒత్తులు నిలబడతాయా? ఏ సాధనాన్నైనా నమ్మేముందు ఒక పేజీలో ఈ మాటలు పెట్టి తీసి చూడండి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, ఉజ్జ్వల, సాఫ్ట్‌వేర్. చివరి మాట కావాలనే పెట్టాను. అందులో ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. కొన్ని ఫాంట్లలో దాని చోట చిన్న డబ్బా పడుతుంది. పైథాన్‌లో పీడీఎఫ్ అనగానే చాలామంది రిపోర్ట్‌ల్యాబ్ పేరు చెబుతారు. ఇంగ్లిష్ బిల్లులకు అది బంగారమే. మామూలు సెటప్‌లో తెలుగు ఇస్తే మాత్రం ఒత్తులు కిందికి పోకుండా పక్కనే వరుసగా నిలబడతాయి. అందుకే దాన్ని ఈ పోలికలోకి తీసుకోలేదు.

చెడితే చెబుతుందా? పని సరిగా కాకపోయినా నోరు మెదపకుండా ఒక పీడీఎఫ్ చేతికిచ్చే సాధనం, ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే సాధనం కంటే ప్రమాదం.

మీ తరవాత దీన్ని ఎవరు నడుపుతారు? మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, వచ్చే ఏడాది కాలేజీలో ప్రశ్నపత్రం తీసేది ఆఫీసు క్లర్కు. ఆయనకు వర్డ్ వస్తుంది, టెర్మినల్ రాదు. ఈ ఒక్క కారణంతో నేను కొందరికి లాటెక్ వద్దని చెప్పాను.

## మొదటి దారి: పైథాన్ నుంచి నేరుగా జీలాటెక్

తెలుగుకు పాత పీడీఎఫ్‌లాటెక్ పనికిరాదు. జీలాటెక్ వాడాలి, లేదంటే హార్ఫ్‌బజ్ రెండరర్ (అక్షరాలకు ఒత్తులు కూర్చే భాగం) పెట్టి లువాలాటెక్ వాడాలి. లువాలాటెక్‌లో ఆ రెండరర్ సంగతి మరిచిపోతే ఒత్తులు తేడాగా రావచ్చు. జీలాటెక్‌లో ఫాంటు చెప్పేటప్పుడు స్క్రిప్ట్ తెలుగు అని రాస్తే చాలు, కాబట్టి కొత్తవాళ్ళకు అదే సులువు.

పైథాన్‌లో సబ్‌ప్రాసెస్‌తో జీలాటెక్‌ను మూడుసార్లు పిలిచి వదిలేయడం అందరూ మొదట చేసే పని. చిన్న పత్రానికి అది సరిపోతుంది కూడా. చిక్కు ఎక్కడొస్తుందంటే, లాటెక్‌కు ఒక మాట అర్థం కాకపోతే అది ఆగి, ఒక ప్రశ్నార్థకం చూపించి, మీరు ఏదైనా టైప్ చేస్తారని ఎదురుచూస్తుంది. స్క్రిప్టులో టైప్ చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. రాత్రి నాలుగు వందల కార్డులకు పని పెట్టి పడుకుంటే, పొద్దున లేచేసరికి పదకొండో కార్డు దగ్గర అది అలాగే నిలబడి ఉంటుంది. ఈ గోల లేకుండా పిలిచేటప్పుడే ఇవి పెట్టండి:

- ఇంటరాక్షన్‌కు నాన్‌స్టాప్‌మోడ్, దాంతోపాటు హాల్ట్-ఆన్-ఎర్రర్. మొదటిది ప్రశ్నలు అడగనివ్వదు, రెండోది మొదటి తప్పు దగ్గరే ఆపేస్తుంది.
- సబ్‌ప్రాసెస్‌కు టైమ్‌అవుట్. ఆగిపోయిన కార్డును వదిలి తరవాతిదానికి పోవాలి.
- కమాండును ఒకే వాక్యంగా కాకుండా జాబితాగా ఇవ్వండి. ఫైలు పేరులో ఖాళీలున్నా తెగిపోదు.
- ప్రతి పత్రానికి వేరే ఫోల్డరు. ఒకేసారి నాలుగు నడిపితే ఒకరి సహాయక ఫైలు మీద ఇంకొకరు రాసుకోకుండా ఉంటారు.
- విండోస్‌లో అయితే అవుట్‌పుట్ చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పండి. లేకపోతే లాగ్‌లో మొదటి తెలుగు అక్షరం దగ్గరే మీ స్క్రిప్టు కూలిపోవచ్చు.

రౌండ్ల లెక్క మీరే చూసుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. ప్రతి రౌండు ముందూ తరవాతా సహాయక ఫైళ్ళ హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంకేతం) తీసి పోల్చండి. రెండూ ఒకటైతే ఆపేయండి, తేడా ఉంటే మళ్ళీ తిప్పండి. దీనికి ఒక గరిష్ఠ హద్దు తప్పనిసరి. "కింది పేజీలో", "ఎదుటి పేజీలో" అని మాటలు తనంతట తానే మార్చే ప్యాకేజీలు వాడితే, ఒక రౌండులో మాట పొడవై వాక్యం అవతలి పేజీకి జారడం, మరుసటి రౌండులో మాట పొట్టిదై వెనక్కి రావడం జరగొచ్చు. అలాంటి పత్రం ఎన్ని రౌండ్లు తిప్పినా నిలకడకు రాదు.

లాగ్ ఫైలు చదివి "రీరన్" అన్న మాట ఉందేమో చూస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. చాలావరకు సరిపోతుంది. అయితే లాటెక్ తన లాగ్‌లో వరుసను మామూలుగా 79 అక్షరాల దగ్గర తెంచేస్తుంది. మీరు వెతికే మాట సరిగ్గా అక్కడే రెండు ముక్కలైతే దొరకదు. మాక్స్-ప్రింట్-లైన్ అనే విలువను పెంచుకుంటే ఈ బాధ తప్పుతుంది.

ఇంకో మాట, ఇది మిల్లులవాళ్ళకు మరీ ముఖ్యం. షీటులో "తేమ 17% మించరాదు" అని ఉందనుకోండి. లాటెక్‌కు శాతం గుర్తు అంటే "ఇక్కడినుంచి వరుస చివరిదాకా వదిలెయ్" అని అర్థం. కాగితం మీద "తేమ 17" అని పడి ఊరుకుంటుంది, చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. అండ్ గుర్తు, డాలర్, అండర్‌స్కోర్, హ్యాష్ గుర్తు కూడా ఇలాగే ఏదో ఒక పేచీ పెడతాయి. డేటా నుంచి వచ్చే ప్రతి మాటనూ టెంప్లేట్‌లో పెట్టేముందు ఒక శుద్ధి ఫంక్షన్ గుండా పంపాలి. జింజా (టెంప్లేట్‌లో డేటా నింపే పైథాన్ లైబ్రరీ) టెంప్లేట్లు వాడేవాళ్ళు దాని బ్రాకెట్ గుర్తులను మార్చుకోవాలి, మామూలు గుర్తులు లాటెక్ బ్రాకెట్లతో కొట్టుకుంటాయి.

ఈ దారి ఎవరికంటే, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలని ఉన్నవాళ్ళకు. మిగతావాళ్ళకు కింది దారి మేలు.

## రెండో దారి: లాటెక్‌ఎంకేకు అప్పగించడం

లాటెక్‌ఎంకే ఒక పెర్ల్ స్క్రిప్టు. ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో చూసుకుని, బైబర్ కావాలో పదసూచీ ప్రోగ్రాం కావాలో తనే తేల్చుకుని, నిలకడ వచ్చేదాకా తిప్పుతుంది. మామూలు సెట్టింగులో ఐదుసార్లు దాటితే ఆగి చెబుతుంది. పైథాన్ నుంచి మీరు పిలవాల్సింది ఒక్క కమాండు, చూడాల్సింది ఒక్క రిటర్న్ కోడు. సున్నా అయితే పని అయింది, కాకపోతే కాలేదు.

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే: పైథాన్ చేత డేటా పని చేయించండి, రౌండ్ల పని లాటెక్‌ఎంకేకు వదలండి. టెంప్లేట్ నింపడం, శుద్ధి చేయడం, ఫోల్డర్లు సర్దడం, చివరికి పీడీఎఫ్‌లకు పేర్లు పెట్టడం పైథాన్ వంతు.

విండోస్‌లో టెక్ లైవ్ (లాటెక్ సరంజామా అంతా ఉన్న మూట) వేసుకుంటే పెర్ల్ దానితోనే వస్తుంది. మిక్‌టెక్ అనే ఇంకో మూట అయితే పెర్ల్ విడిగా పెట్టుకోవాలి. పూర్తి టెక్ లైవ్ అనేక గిగాబైట్ల బరువు. ఊళ్ళో మొబైల్ డేటాతో దించుకోవడం నరకం. జిల్లా కేంద్రానికి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళడం తెలివైన పని.

ఒక జాగ్రత్త. మధ్యలో ఎర్రర్‌తో ఆగిన రౌండు సగం రాసిన సహాయక ఫైలును వదిలిపెడుతుంది. మీరు అసలు తప్పు సరిచేశాక కూడా ఆ పాడైన ఫైలు వల్ల మళ్ళీ ఎర్రర్ రావచ్చు. అప్పుడు పెద్ద సి ఆప్షన్‌తో ఒకసారి శుభ్రం చేసి మొదటినుంచి తిప్పండి. ప్రింటుకు పంపే చివరి కాపీకైతే ఎర్రర్ ఉన్నా లేకున్నా శుభ్రం చేసే తీయండి.

ఇదే వీధిలో ఇంకో రెండు ఉన్నాయి. అరారా అనేది ఏ అడుగు తరవాత ఏ అడుగు వేయాలో పత్రం మొదట్లోనే మీరు రాసిపెడితే అదే వరుసలో నడుస్తుంది. ఊహించడం ఉండదు. వరుస కచ్చితంగా తెలిసినవాళ్ళకు బాగుంటుంది, జావా కావాలి. మేక్ (make) అనే సాధనం మాత్రం ఫైళ్ళ తేదీలు చూసి నడుస్తుంది, తన అవుట్‌పుట్‌నే తాను మళ్ళీ చదువుకునే లాటెక్‌తో దానికి పొసగదు.

టెక్టానిక్ వేరే రకం. జీటెక్ ఆధారంగా కట్టిన ఒకే ప్రోగ్రాం. రౌండ్లు తనే తిప్పుకుంటుంది, కావలసిన ప్యాకేజీలను నెట్ నుంచి అప్పటికప్పుడు తెచ్చి దాచుకుంటుంది. తేలిక కావాలి, నెట్ బాగుంది అంటే మంచిదే. బైబర్ అవసరమైతే దాన్ని విడిగా, సరైన వెర్షన్‌లో పెట్టుకోవాలి, అక్కడ తలనొప్పి వస్తుంది.

## మూడో దారి: టైప్‌స్ట్

లాటెక్‌లాగే పేజీలు పేర్చే కొత్త ప్రోగ్రాం ఇది, 2023లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. కొన్ని పదుల మెగాబైట్ల ఒకే ఫైలు, ఇన్‌స్టాల్ అంటూ పెద్దగా ఉండదు. రౌండ్ల సంగతి మీకు కనిపించను కూడా కనిపించదు. విషయసూచిక, గ్రంథసూచి, క్రాస్ రిఫరెన్సులన్నీ లోపలే తేల్చుకుని ఒకేసారి పీడీఎఫ్ ఇస్తుంది. ఐదు ప్రయత్నాల్లో పేజీలు నిలకడకు రాకపోతే ఆ మాట హెచ్చరికగా చెబుతుంది.

దీనిలో నాకు బాగా నచ్చింది డేటా చదివే తీరు. సీఎస్‌వీ, జేసన్ ఫైళ్ళను పత్రమే నేరుగా చదువుకుంటుంది. అలా వచ్చిన మాటలను అది ఉత్త పాఠ్యంగానే తీసుకుంటుంది కాబట్టి 17% గొడవ ఉండదు. శుద్ధి ఫంక్షన్ రాసే పని సగానికి సగం తప్పుతుంది. వేగం సంగతి చెప్పక్కరలేదు, ప్రోగ్రెస్ కార్డులు టీ తాగి వచ్చేలోపు అయిపోతాయి.

తక్కువేమిటి మరి? వయసు చిన్నది. వెర్షన్ మారినప్పుడు పాత టెంప్లేట్ కొంచెం కొంచెం సరిచేసుకోవాల్సి రావచ్చు, కాబట్టి ఏ వెర్షన్‌తో తీశారో ఆ ప్రోగ్రాం ఫైలునే టెంప్లేట్ పక్కన దాచిపెట్టండి. మీ గైడు లాటెక్ టెంప్లేట్ ఇచ్చి దీనిలోనే కావాలంటే టైప్‌స్ట్ దారి మూసుకుపోయినట్టే. ఇంకొకటి, అడిగిన ఫాంటు కంప్యూటర్‌లో లేకపోతే హెచ్చరించి వేరే ఫాంటుతో పని కానిస్తుంది. స్క్రిప్టులో హెచ్చరిక ఎవరు చదువుతారు? ఫాంటు ప్రత్యామ్నాయాన్ని ఆపేసే సెట్టింగు పెట్టి, స్క్రిప్టులో ఎర్రర్ అవుట్‌పుట్ ఖాళీగా ఉందో లేదో కూడా చూడండి.

జీలాటెక్‌లో దీనికి సమానమైన చిట్కా ఒకటుంది. ఫాంటులో లేని అక్షరం వస్తే మామూలుగా హెచ్చరికతో సరిపెట్టి ముందుకు పోతుంది, కాగితం మీద ఖాళీయో డబ్బానో పడుతుంది. ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్ (tracinglostchars) విలువను 3 చేస్తే, కొత్త టెక్ లైవ్‌లలో అది పూర్తి ఎర్రర్ అవుతుంది. తెలుగు పుస్తకానికి ఈ ఒక్క వరుస ప్రతి టెంప్లేట్‌లోనూ ఉండాలి.

## నాలుగో దారి: వెబ్ పేజీ రాసి పీడీఎఫ్ చేయడం

హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ వచ్చినవాళ్ళకు వీజీప్రింట్ అనే పైథాన్ లైబ్రరీ ఉంది. వేరే ప్రోగ్రాంను పిలిచే పనే లేదు, అంతా పైథాన్ లోపలే. లోపల ప్యాంగో అనే అక్షరాలు కూర్చే లైబ్రరీని వాడుతుంది కాబట్టి ఒత్తులు చక్కగా వస్తాయి. విషయసూచికలో పేజీ నంబర్లు వేయడానికి సీఎస్‌ఎస్‌లో టార్గెట్-కౌంటర్ ఉంది, దానికి కావలసిన లెక్క వీజీప్రింటే చూసుకుంటుంది. లినక్స్‌లో సులువు. విండోస్‌లో ప్యాంగో లైబ్రరీలు పెట్టుకోవడం ఒక పూట పని. పెద్ద పెద్ద పట్టికలున్న పొడవైన పత్రాలకు నెమ్మదిస్తుంది.

క్రోమ్‌ను తెర లేకుండా నడిపి పీడీఎఫ్ తీయడం ఇంకో పద్ధతి. రసీదు, హాల్‌టికెట్, ఒక పేజీ సర్టిఫికెట్ వరకు చాలా బాగుంటుంది. విషయసూచిక ఉన్న పుస్తకానికి పోవద్దు.

ఏదైనా సరే, తెలుగుకు లైన్ హైట్ ఇంగ్లిష్ కంటే ఎక్కువ పెట్టాలి. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడి మీద పడుతోందంటే మీ సీఎస్‌ఎస్ ఇంగ్లిష్ పేజీ నుంచి కాపీ చేశారని అర్థం. 1.6 నుంచి మొదలుపెట్టి చూసుకోండి.

## ఐదో దారి: వర్డ్ టెంప్లేట్, లిబ్రెఆఫీస్

దీన్ని ప్రోగ్రామర్లు చిన్నచూపు చూస్తారు. నేను చూడను. క్లర్కుకు చేతనైన వర్డ్ ఫైలునే టెంప్లేట్‌గా పెట్టి, పైథాన్‌తో పేర్లు, మార్కులు నింపి, లిబ్రెఆఫీస్‌ను తెర లేకుండా పిలిచి పీడీఎఫ్ చేయించవచ్చు. ప్రిన్సిపల్ సార్ సంతకం చోటు మార్చమంటే ఆఫీసులో ఎవరైనా మార్చేస్తారు, మీకు ఫోన్ రాదు.

చిక్కులు మాత్రం చిత్రంగా ఉంటాయి. టెంప్లేట్‌లో మీరు ఒకే మాటగా టైప్ చేసిన గుర్తును (పేరు, మార్కులు వచ్చి చేరాల్సిన చోట పెట్టేది) వర్డ్ లోపల రెండు మూడు ముక్కలుగా దాచుకుంటుంది. మధ్యలో ఒక అక్షరం సరిచేసినా, స్పెల్ చెక్ దాన్ని తాకినా అంతే. అప్పుడు మీ పైథాన్ వెతికితే దొరకదు, కాగితం మీద గుర్తు గుర్తుగానే ఉండిపోతుంది. ఆ గుర్తును మొత్తం చెరిపి ఒకే ఊపులో మళ్ళీ టైప్ చేస్తే చాలావరకు కుదురుతుంది.

లిబ్రెఆఫీస్ ఇంకో కిటికీలో తెరిచి ఉంటే మీ స్క్రిప్టు పిలిచింది పని చేయకుండానే తిరిగి రావచ్చు. ప్రతిసారీ వేరే యూజర్ ప్రొఫైల్ ఫోల్డరు ఇవ్వండి. రిటర్న్ కోడును నమ్మకండి, పీడీఎఫ్ నిజంగా పుట్టిందా, దాని టైము ఇప్పటిదేనా అని చూడండి. విషయసూచిక కూడా దానంతట అది తాజా కాదు, విడిగా మాక్రో రాయాలి. మీ దగ్గర గౌతమి ఫాంటుతో తయారుచేసిన ఫైలు, గౌతమి లేని లినక్స్ మెషీన్‌లో వేరే ఫాంటు తొడుక్కుని పేజీలు మారిపోతుంది.

## పక్కపక్కన పెడితే

| దారి | రౌండ్లు ఎవరు చూస్తారు | చెడితే తెలిసేదెలా | పుస్తకానికి | వందల చిన్న కాగితాలకు |
|---|---|---|---|---|
| పైథాన్, నేరుగా జీలాటెక్ | మీరే | రిటర్న్ కోడు, లాగ్ | బాగుంటుంది, శ్రమ ఎక్కువ | నెమ్మది |
| లాటెక్‌ఎంకే | అదే | రిటర్న్ కోడు | అన్నిటికంటే నమ్మకం | నెమ్మది |
| టెక్టానిక్ | అదే | రిటర్న్ కోడు | బైబర్ లేకపోతే మంచిది | ఫర్వాలేదు |
| టైప్‌స్ట్ | అదే, లోపల | ఎర్రరు, హెచ్చరికలూ చదవాలి | మంచిదే, టెంప్లేట్ మీరే రాసుకోవాలి | అన్నిటికంటే వేగం |
| వీజీప్రింట్ | అదే, లోపల | పైథాన్ ఎర్రరు, లాగ్ | ఒక మోస్తరు | బాగుంటుంది |
| వర్డ్, లిబ్రెఆఫీస్ | ఎవరూ చూడరు | పీడీఎఫ్ ఉందో లేదో మీరే చూడాలి | వద్దు | బాగుంటుంది |

## ఎవరికి ఏది

థీసిస్ రాసేవాళ్ళు. సైన్సు, లెక్కలు, ఇంగ్లిష్ థీసిస్ అయితే రెండో ఆలోచన లేకుండా లాటెక్, లాటెక్‌ఎంకే. గ్రంథసూచి నిర్వహణ ఒక్కటే చాలు దానికి ఓటేయడానికి. తెలుగు శాఖలో రాస్తున్నవాళ్ళు మాత్రం ముందు గైడును అడగండి. ఆయన దిద్దుబాట్లు వర్డ్‌లోనే చేస్తానంటే, వర్డ్‌లోనే రాసి చివరికి పాండాక్‌ అనే ఫైలు రూపం మార్చే ప్రోగ్రాంతో లాటెక్‌లోకి తెచ్చుకోవడం మధ్యేమార్గం. ఆ మార్పిడి తరవాత పట్టికలు చేత్తో సర్దుకోక తప్పదు.

ప్రశ్నపత్రాలు, ప్రోగ్రెస్ కార్డులు. మీరొక్కరే నడిపితే టైప్‌స్ట్. ఆఫీసుకు అప్పగించేదైతే వర్డ్ టెంప్లేట్. లెక్కల పేపరు నాలుగు సెట్లుగా తీసేవాళ్ళకు టైప్‌స్ట్‌లో సమీకరణాలు చక్కగా వస్తాయి, పైథాన్ ప్రశ్నల వరుస మార్చి జేసన్ ఇస్తే చాలు. జవాబుల కీ కూడా అదే జేసన్ నుంచి తీయండి, విడిగా టైప్ చేయవద్దు.

డీటీపీ షాపు. మీకు వచ్చే పని రోజుకో రకం. అన్నిటినీ ఆటోమేట్ చేయాలని చూడకండి. ప్రతి ఏడాదీ తిరిగి వచ్చే పనులు రెండు ఎంచుకోండి, స్కూలు ఐడీ కార్డులు, డైరీలు లాంటివి. వాటికి వీజీప్రింటో టైప్‌స్టో పెట్టుకుని మిగతావి ఎప్పటిలాగే చేసుకోండి. పెళ్ళి పత్రికను స్క్రిప్టుతో చేయాలనుకోవడం గిర్నీలో జొన్నలు పోసి బూందీ రమ్మన్నట్టే.

మిల్లు, దుకాణం లెక్కలు. వీజీప్రింట్. పేర్లలో అండ్ గుర్తులుంటాయి కాబట్టి జింజాలో ఆటోఎస్కేప్ ఆన్ చేయండి.

ఊరి చరిత్ర అచ్చు వేసుకునేవాళ్ళు. లాటెక్‌ఎంకే. ఎందుకంటే చివర ఊళ్ళ పేర్ల సూచీ లేకపోతే అలాంటి పుస్తకం సగం పనికిరాదు. అయితే మేక్‌ఇండెక్స్‌ను తెలుగుకు వాడకండి, ఆ పదసూచీ ప్రోగ్రాం ఇంగ్లిష్ అక్షరాల కోసం పుట్టింది. సూచీ పేర్లను పైథాన్‌తో చదివి, పైఐసీయూ లైబ్రరీతో తెలుగు వరుసలో పెట్టి, సూచీ ఫైలును మీరే రాయడం మేలు. పైథాన్ మామూలు సార్టింగ్ కూడా చాలావరకు సరైన వరుసే ఇస్తుంది. ముఖ్యంగా సున్నా ఉన్న పేర్ల దగ్గర తేడా వస్తుంది. చండూరు, చందంపేట లాంటివి మిగతా 'చ' పేర్ల కంటే ముందు రావాలా తరవాత రావాలా అన్నది మీరు ఒకసారి తేల్చుకుని అదే అంతటా పాటించండి.

స్క్రిప్టుకు తెలియని సంగతులు కూడా ఇక్కడే బయటపడతాయి. సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలం గుళ్ళున్న పిల్లలమర్రి ఒకటి, మహబూబ్‌నగర్ దగ్గర వందల ఏళ్ళ మర్రిచెట్టు పిల్లలమర్రి ఇంకొకటి. పేరు మాత్రం చూసి సూచీ తయారుచేస్తే రెండూ ఒకే వరుసలో కలిసిపోతాయి. పాఠ్యంలో గుర్తు పెట్టేటప్పుడే విడదీయాలి. అలాగే జిల్లా పేర్లు. 2016లో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత పాలమూరు నాలుగైంది, 2019లో నారాయణపేటతో ఐదైంది. జిల్లా పేరును టెంప్లేట్‌లో రాసిపెట్టకుండా డేటాలో ఒక గడిగా ఉంచండి.

## మొదలుపెట్టే రోజు

ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ తీసేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, వెనక్కి తేలేరు. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోండి. దాన్ని పైథాన్‌లో తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. లేకపోతే మొదటి కాలమ్ పేరు ముందు కనిపించని అక్షరం చేరి, "పేరు అనే కాలమ్ లేదు" అని పైథాన్ మొండికేస్తుంది, మీకు కంటి ముందు కనిపిస్తూనే ఉంటుంది.

తరవాత మొత్తం షీటుకు కాకుండా ఐదు వరుసలకు నడపండి. ఆ ఐదు మామూలు వరుసలు కాకూడదు. అన్నిటికంటే పొడవైన పేరు ఒకటి, శాతం గుర్తున్నది ఒకటి, ఖాళీ గడి ఉన్నది ఒకటి, అండ్ గుర్తున్నది ఒకటి, స్త్రీ, రాష్ట్రం లాంటి బరువైన ఒత్తులున్నది ఒకటి. వచ్చిన ఐదు పీడీఎఫ్‌లను తెర మీద కాదు, షాపులో ప్రింటు తీయించి చూడండి. ఏ దారి ఎంచుకున్నా ఈ ఐదు కాగితాలు సరిగా వచ్చాకే మిగతా షీటు ముట్టుకోండి.